జిల్లేడు పాలు

రథసప్తమి పొద్దున చెరువుగట్టు మీద ఏడు జిల్లేడాకులు కోస్తే చాలు, వేళ్లు జిగటెక్కిపోతాయి. తొడిమ తుంచిన చోట తెల్లటి పాలు బొట్టుబొట్టుగా ఉబికొస్తాయి. ఆ ఆకులే తలమీద, భుజాలమీద పెట్టుకుని స్నానం చేస్తాం. సంస్కృతంలో సూర్యుడికీ ఈ మొక్కకూ ఒకటే పేరు, అర్క.

ఈ పాల ప్రమాదం పెద్దలకు ఏనాడో తెలుసు. భారతం ఆదిపర్వంలో ధౌమ్యుడి శిష్యుడు ఉపమన్యుడు ఆకలికి తాళలేక జిల్లేడాకులు తిని, చూపు పోయి బావిలో పడతాడు. అశ్వినీదేవతలను స్తుతించాక గానీ చూపు తిరిగి రాలేదు. ఆకు తుంచిన చేత్తోనే కళ్లు నులుముకుని ఉంటాడని నా ఊహ. జిల్లేడు పాలు కంట్లో పడి చూపు మసకబారిందంటూ నేటికీ కంటి డాక్టర్ల దగ్గరికి వస్తున్నారు. కంటి ముందుండే గాజులాంటి పొర వెనక సన్నటి కణాల వరుస ఒకటుంటుంది. పొరలో చేరే నీటిని ఎప్పటికప్పుడు తోడేయడం దాని పని. పాలలోని విషం ఆ పనిని దెబ్బతీస్తుంది. పొర నీరుపట్టి ఉబ్బుతుంది, చూపు మంచుపట్టినట్టవుతుంది. ఒక్కోసారి నొప్పే ఉండదు. అశ్రద్ధ చేసేది అందుకే.

కలోట్రోపిన్ వంటి ఈ విషాలు కడుపులోకి పోతే గుండె లయనే తప్పిస్తాయి. ఆయుర్వేదం కూడా జిల్లేడును ఉపవిషాల్లో చేర్చింది. విషమే అయినా మందుగానూ దీన్ని చూశారు. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని చేర్చిన ఆస్క్లెపియాస్ ప్రజాతికి గ్రీకుల వైద్యదేవుడి పేరే ఉంది. తెల్లదొరల కాలంలో దీని వేరు బెరడును ‘ముదార్’ అనే పేరుతో విదేశీ ఇపెకాక్‌కు బదులుగా వాంతి మందుగా, జిగట విరేచనాలకు వాడారు.

మన ఊళ్లలో మోకాలు వాస్తే ఆకుకు ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి కట్టు కడతారు. ఆ వెచ్చదనం హాయినిస్తుంది, దాన్ని నేను కాదనను. ముల్లు విరిగితే పాలచుక్క వేయడం మాత్రం మానాలి, చర్మం బొబ్బలెక్కుతుంది. కడుపులోకి సొంతవైద్యంగా తీసుకోవడం అసలే వద్దు.

ఆకులు కోశాక చేతులు సబ్బుతో కడుక్కోండి. పాలు కంట్లో పడితే నులమకండి, నాటుమందు వేయకండి. పావుగంట సేపు ధారగా మంచినీళ్లతో కడిగి, నొప్పి లేకపోయినా సరే, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.