తిగ్రిన్యా వాచకాల చరిత్ర

తిగ్రిన్యా ఎరిత్రియాలోను, ఇథియోపియాలోని తిగ్రాయ్‌లోను వ్యవహారంలో ఉన్న భాష. మన గుణింతం వలెనే దాని గీజ్ లిపిలో ప్రతి హల్లుకు అచ్చులను బట్టి 7 రూపాలుంటాయి.

1941లో ఇటలీ పాలన ముగిసిన పిదప ఎరిత్రియా బడులలో తిగ్రిన్యా బోధనాభాష అయింది. ఉపాధ్యాయుడైన వొల్దెయాబ్ వొల్దెమరియం 1942 నుండి తిగ్రిన్యా వారపత్రికకు సంపాదకత్వం వహించాడు. 1952లో ఇథియోపియాతో సమాఖ్య ఏర్పడినప్పుడు తిగ్రిన్యా, అరబ్బీ అధికారభాషలైనాయి. ఇథియోపియా 1962లో సమాఖ్యను రద్దు చేసింది. బడులలో తిగ్రిన్యా స్థానాన్ని అమ్హారిక్ ఆక్రమించింది. అయినను 1970లలో విముక్తి పోరాటయోధులు తమ అధీన ప్రాంతాలలో బడులు తెరచి, మాతృభాషలో చదువు చెప్పారు. 1993లో దేశం స్వతంత్రమైంది.

పండితులు నేర్చుకొనుటకు ఉలెన్‌డార్ఫ్ కూర్చిన పాఠసంకలనం 1985లో వెలువడింది. అట్టి గ్రంథాలు భాషను భద్రపరుస్తాయి. దానిని తరువాతి తరానికి అందించేది మాత్రం పిల్లల చేతిలోని వాచకమే.