ఆముక్తమాల్యదలోని యొక ఆటవెలది : ఛందస్సు, యతి, భావము

దేశభాషలలో తెలుగు మేలైనదని చెప్పు ఆటవెలది ఆముక్తమాల్యద అవతారికలోనిది. కృతికర్త శ్రీకృష్ణదేవరాయలు (పాలనము 1509–1529). మన సభలలో దీనిని విజయఘోషగా చదువుట పరిపాటి. పద్యనిర్మాణమును పరికించినచో నిది ఘోష కాదు, ఒక ప్రశ్నకు సమాధానమని తేలును.

కళింగ దండయాత్రలో విజయవాడయందు విడిసిన రాయలు, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణువును సేవించి ఏకాదశి నుపవసించెను. స్వామి స్వప్నమున సాక్షాత్కరించి, సంస్కృతమున మదాలసచరిత్ర, జ్ఞానచింతామణి మున్నగు కృతులు రచించిన నీకు తెలుగు కృతి యసాధ్యమా యనెను. శ్రీవిల్లిపుత్తూరి గోదాదేవి కథను తెలుగున రచింపుమనెను. అచట స్వామి తాను తెలుగురాయడు, శ్రోత కన్నడరాయడు. కన్నడరాయడు తమిళభూమి కథను తెలుగున నేల చెప్పవలెను? ఈ శంకకు సమాధానమే మన పద్యము.

ఆటవెలదిలో బేసిపాదములకు మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. సరిపాదములకు ఐదేసి సూర్యగణములు. సూర్యగణము మూడు మాత్రలది గావున నడక తేలికయై సంభాషణకు మిక్కిలి యనువగును. ప్రాసనియమము లేదు. అయినను మొదటి రెండు పాదములును ‘తెలుగు’ శబ్దముతోనే మొదలగుటచే ద్వితీయాక్షరసామ్యము సహజముగా నమరినది.

యతి నాలుగవ గణము మొదట నుండును. మొదటి పాదమున ‘తెలుగు’నకు ‘దేశము’ యతిమైత్రి వహించినది. చివరి పాదమున ‘దేశ’ శబ్దమునకు ‘తెలుగు’ వహించినది. భాషనుండి దేశమునకు బోయిన పద్యము దేశమునుండి భాషకు మరలినది.

‘తెలుగు’ శబ్దము ఐదు మారులు వచ్చిన యీ పద్యమున మూడవ పాదమందు మాత్రమే యది లేదు. అచట స్వామి రాయల యనుభవమునే సాక్ష్యముగా బిలుచుచున్నాడు: కొలువునకు వచ్చు రాజులందరితో మాటలాడినవాడవు, నీ వెరుగవా యని. ఇందలి రసము వీరము కాదు, ప్రసన్నమైన యనునయము.

చివరి పాదము రాయలకు పూర్వమే, వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమున గలదు. అచట సంస్కృతము సకలభాషలకు జనని యని చెప్పిన పిమ్మట వచ్చుటచే నది నిర్ణయవాక్యము. ఇచట నదే మాట పలుభాషలు విన్నవాని మనస్సునకు విడిచిన తీర్పు.

బెంగుళూరు, మధుర, బరంపురము, షోలాపురములలో తరతరములుగా నితరభాషల నడుమ నున్న మనకు మూడవ పాదమే ముఖ్యము. దానిని విడిచి నాలుగవ దానినే పలికిన డంబమగును. కలిపి చదివిన, పొరుగుభాషలను విని, వారితో మాటలాడి, పిదప తన భాషను మెచ్చుకొనువాని మాట యగును. పిల్లలకు నాలుగు పాదములును నేర్పుట యుచితము.