ఇంగ్లండు వారి ఇల్లరికపుటల్లుళ్ళు

కోడలు గడపలో అడుగు పెడితే ఇంటికి కళ వచ్చిందంటాం. అల్లుడే పెట్టె సర్దుకుని అత్తవారింటికి కాపురానికి వస్తే మాత్రం ఊరంతా అదోలా చూస్తుంది. "ఆస్తి చూసి చేరాడమ్మా" అని ఒకరంటే, "వాళ్ళింట్లో పొయ్యిలో పిల్లి లేవడం లేదట" అని ఇంకొకరంటారు. ఇల్లరికం అనే మాటలోనే కాస్త వెక్కిరింత కలిసి ఉంది. ఇదంతా మన పల్లెటూళ్ళ సంగతి అనుకుంటాం గానీ, పార్లమెంటులకు పుట్టిల్లని పేరు పడ్డ ఇంగ్లండు కూడా ఇదే చూపును నిబంధనలుగా అచ్చు వేయించి, చాలా ఏళ్ళు అమలు జరిపిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ నిబంధనల్లో ఇల్లరికం అనే మాట లేదు లెండి. కానీ భావం అదే. భర్త అక్కడ స్థిరపడి ఉంటే భార్య వెళ్ళి చేరవచ్చు. భార్య స్థిరపడి ఉంటే భర్త వెళ్ళి చేరడానికి మాత్రం సవాలక్ష అడ్డంకులు. 1969 జనవరిలో హోం మంత్రి జేమ్స్ కాలహన్, కామన్వెల్తు దేశాల మగవాళ్ళు భార్యల దగ్గరికి రావడాన్ని దాదాపు ఆపేశాడు. 1974లో రాయ్ జెంకిన్స్ ఆ తలుపు తెరిచాడు. 1977లో దొంగ పెళ్ళిళ్ళు జరుగుతున్నాయంటూ గొళ్ళెం కాస్త బిగించారు. 1980 మార్చిలో మార్గరెట్ థాచర్ ప్రభుత్వం, అంటే ఒక ఆడమనిషి ప్రధానిగా ఉన్న ప్రభుత్వమే, ఆ తలుపు మళ్ళీ మూసింది. అప్పటి నిబంధన ప్రకారం ఒక స్త్రీ భర్తను తెచ్చుకోవాలంటే ఆవిడకు పౌరసత్వం ఉన్నా చాలదు. ఆవిడైనా, ఆవిడ తల్లిదండ్రుల్లో ఒకరైనా ఆ గడ్డ మీద పుట్టి ఉండాలి. మగవాడికి ఈ షరతు లేదు.

కారణం ఏమిటయ్యా అంటే, మగవాడు వస్తే ఉద్యోగం వెతుక్కుంటాడు, మన కుర్రాళ్ళకు పని లేకుండా పోతుంది అన్నారు. ఆడది వస్తే ఇంట్లో కూచుంటుందన్న మాట!

అలాగని కోడళ్ళకు పూలబాట పరిచారనుకోకండి. 1979 జనవరిలో, పెళ్ళి చేసుకోబోయే వరుడి కోసం లండను వెళ్ళిన ముప్ఫయ్యయిదేళ్ళ భారతీయ ఉపాధ్యాయురాలికి హీత్రో విమానాశ్రయంలో కన్యాత్వ పరీక్ష చేయించారు. నిజంగా పెళ్ళి కాని పిల్లేనా అని తేల్చుకోవడానికట! సంగతి పత్రికల్లోకి ఎక్కి, మన దేశం గట్టిగా నిరసన చెప్పాకే ఆ పని మానుకున్నారు. సరిహద్దు దగ్గర నిలబడ్డ ఆడదానికి అవమానం ఎన్ని రూపాల్లో ఎదురవుతుందో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

మరి కాదన్నప్పుడు అడిగే చోటు లేదా? ఉంది. 1969లోనే అప్పీళ్ళ చట్టం ఒకటి వచ్చింది. దాంతో తిరస్కారం అందుకున్నవారు మొదట ఒక న్యాయాధికారి ముందు, అక్కడా పని జరక్కపోతే అనుమతి తీసుకుని ట్రిబ్యునలు ముందు మొర పెట్టుకునే వీలు కలిగింది. ఇది చిన్న సంగతి కాదు. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ న్యాయాధికారి చూసేది, నిబంధనను సరిగ్గా అమలు జరిపారా లేదా అన్నదే. అసలు నిబంధనే అన్యాయమైతే ఆయన చేయగలిగిందేమీ లేదు. ఆడా మగా తేడా చూపకూడదని 1975లో ఒక చట్టం చేసుకున్నారు కదా, దాన్నైనా చూపించవచ్చుననుకుంటే, ఆ ఆశా నిలవలేదు. బొంబాయిలోని బ్రిటిష్ వీసా అధికారి మీద ఒకావిడ వేసిన కేసులో, ఆ చట్టం వలస వ్యవహారాలకు వర్తించదని 1983లో ప్రభువుల సభ తీర్పు చెప్పింది.

ఇంట్లో న్యాయం దొరక్కపోతే ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళినట్టు, 1980, 81 సంవత్సరాల్లో ముగ్గురు స్త్రీలు ఇంగ్లండు దాటి యూరప్ మానవ హక్కుల వ్యవస్థకు అర్జీలు పెట్టుకున్నారు. ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు నగరంలో ఉంది ఆ న్యాయస్థానం. ఆ ముగ్గురి ఇంటిపేర్లతోనే ఆ కేసు ప్రసిద్ధికెక్కింది: అబ్దుల్ అజీజ్, కబాలెస్, బల్కందాలి.

మొదటావిడ మలావీ దేశంలో పుట్టిన భారత సంతతి స్త్రీ. ఆవిడ భర్త మన డామన్‌లో, అది ఇంకా పోర్చుగీసు వారి చేతుల్లో ఉన్న రోజుల్లో పుట్టినవాడు. 1980లో ఆయనను ఉండనివ్వమన్నారు. అప్పీలు చేస్తే 1981లో కొట్టేశారు. రెండో ఆవిడ 1967లో వర్కు పర్మిట్టు మీద ఆస్పత్రిలో నర్సింగు పనికి వచ్చిన ఫిలిప్పీన్స్ స్త్రీ. ఆవిడ భర్తకు అసలు బయలుదేరడానికే అనుమతి ఇవ్వలేదు.

మూడో ఆవిడ కథ దగ్గర కాస్త ఆగుదాం. బల్కందాలి గారు ఈజిప్టులో పుట్టి, ఇంగ్లండులో స్థిరపడి, అక్కడి పౌరసత్వం కూడా తీసుకున్నారు. భర్త టర్కీ దేశస్థుడు. 1979లో చూసిపోవడానికని వచ్చి, తర్వాత విద్యార్థిగా గడువు పొడిగించుకున్నాడు. ఆ గడువు 1980 మార్చితో తీరింది. మళ్ళీ అడిగితే ఇవ్వలేదు. అతను వెళ్ళకుండా ఉండిపోయాడు. 1981 జనవరిలో పెళ్ళి జరిగింది. భర్తగా ఉండనివ్వండని అర్జీ పెట్టుకుంటే, ఆ ఏడు మే నెలలో కాదన్నారు. భార్య పౌరురాలే గానీ, ఆవిడా ఆవిడ తల్లిదండ్రులూ ఆ దేశంలో పుట్టినవారు కాదు కదా! సరే, అప్పీలు చేసుకుందామంటే అదీ లేదు. అర్జీ పెట్టుకునే నాటికి చేతిలో చెల్లే అనుమతి ఉంటేనే అప్పీలు హక్కు. గడువు దాటినవాడికి అడిగే హక్కు కూడా గడువుతోనే పోయింది.

ఇక్కడ మనలో మనం ఒక మాట అనుకోవచ్చు. గడువు దాటి ఉండిపోవడం తప్పే కదా, తప్పు చేసినవాణ్ణి కాదంటే తప్పేముంది అని. నిజమే. అయితే అతన్ని కాదన్న కారణం అది కాదు. అదే మనిషి, అదే తప్పు, కానీ భార్య లండనులో పుట్టి ఉంటే ఆ కారణం చూపి కాదనే వీలుండేది కాదు. రెండు వేర్వేరు లెక్కల్ని ఒకే చిట్టాలో కలిపేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

స్ట్రాస్‌బర్గు న్యాయమూర్తులు 1985 మే 28న తీర్పు చెబుతూ ఆ రెండు లెక్కల్నీ విడదీశారు. మొదట ప్రభుత్వం వైపు మాట చెప్పారు. భార్యాభర్తలు ఏ దేశంలో కాపురం పెట్టాలనుకుంటే ఆ దేశం ఒప్పుకుని తీరాలన్న నియమం లేదు. ఈ దంపతులు భర్తల దేశంలో కాపురం ఉండలేకపోయేవారనీ రుజువు కాలేదు. బల్కందాలి గారికి పెళ్ళినాటికే భర్త గడువు తీరిందని తెలిసి ఉండాలి అన్నారు. అంటే గడువు సంగతిని వాళ్ళు కప్పిపుచ్చలేదు. తర్వాత అసలు విషయానికి వచ్చారు. అదే షరతును మగవాడికి పెట్టకుండా ఆడదానికి ఎందుకు పెట్టారు? ఉద్యోగాల పేరు చెబితే కుదరదు, ఆడవాళ్ళు కూడా ఉద్యోగాలు చేస్తున్నారు కదా అన్నారు. ఆడదన్న కారణంగా ఆ ముగ్గురికీ అన్యాయం జరిగిందని న్యాయమూర్తులంతా ఏకకంఠంతో తేల్చారు. సొంత దేశంలో ఆ మొర వినే చోటు లేకపోవడం కూడా తప్పేనన్నారు. జాతి వివక్ష ఉందన్న వాదనను మాత్రం ఒప్పుకోలేదు. పడ్డ మనోవేదనకు నష్టపరిహారం కూడా ఇవ్వలేదు; గెలుపే పరిహారం అనుకోమన్నారు.

ఆ తర్వాత జరిగిన తమాషా వినండి. ఇద్దరు పిల్లల్లో ఒకరికే లడ్డు పెట్టావేమని తల్లిని నిలదీస్తే, రెండో వాడికి కూడా పెట్టాలి కదా? ఇంగ్లండు ప్రభుత్వం మొదటివాడి చేతిలోది కూడా లాక్కుంది. 1985 ఆగస్టు నుంచి భార్యలకు కూడా భర్తల మీద ఉన్న ఆంక్షలే పెట్టింది. సమానత్వం వచ్చింది, ఇద్దరికీ కష్టం సమానమైంది!

ఆ ఆంక్షల్లో పేరు మోసింది "ముఖ్యోద్దేశం" నిబంధన. ఇంగ్లండులో అడుగు పెట్టడమే ముఖ్యోద్దేశంగా ఈ పెళ్ళి చేసుకోలేదని అర్జీదారే రుజువు చేసుకోవాలి. లేనిదాన్ని లేదని రుజువు చేయడం ఎవరి తరం? పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళు మన దేశంలో ఎలా జరుగుతాయో మీకు తెలుసు. నాలుగు మాటలు, ఒక ఫోటో, జాతకాలు, ముహూర్తం. ప్రేమ తర్వాత వస్తుంది. పెళ్ళికి ముందు ప్రేమ ఉందా అని అడిగితే పిల్లవాడు ఏం చెబుతాడు? పైగా అధికారులకు మన ఆచారాలు కూడా తెలిసిపోయాయి. "మీలో పెళ్ళికూతురే అత్తారింటికి వెళ్తుంది కదా, నువ్వెందుకు పెళ్ళాం దగ్గరికి వెళ్తున్నావు?" అనేవారు. మన ఇల్లరికం వెక్కిరింతే సముద్రాలు దాటి, ఫైల్లోకి ఎక్కి, తిరస్కారానికి కారణమై కూచుంది.

కోర్టులు మాత్రం మెల్లగా ఒక దారి చూపాయి. 1986లో కుమార్ అనే ఆయన కేసులో అప్పీలు కోర్టు ఒక చక్కని సంగతి గుర్తించింది. పెళ్ళి నాటి ఉద్దేశం తేల్చడానికి ఆ తర్వాతి అనురాగం కూడా సాక్ష్యమే అన్నారు. దాంతో భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాలు, ఫోను బిల్లులు, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి పోయిన టిక్కెట్లు న్యాయాధికారి బల్ల మీదికి వచ్చాయి. బీరువాలో చీరల కింద దాచుకునే ఉత్తరాలను పరాయి మనుషులు చదివి, ఇందులో ప్రేమ ఉందా లేదా అని తూకం వేయడం సిగ్గు కలిగించే పనే. అయినా ఎన్నో కాపురాలకు ఆ ఉత్తరాలే దిక్కయ్యాయి. చివరికి 1997 జూన్‌లో కొత్తగా వచ్చిన లేబరు ప్రభుత్వం ఆ ముఖ్యోద్దేశం నిబంధనను తీసేసింది.

2000 అక్టోబరు నుంచి యూరప్ ఒడంబడికలోని కుటుంబ జీవన హక్కును ఇంగ్లండు కోర్టుల్లోనే అడిగే వీలు వచ్చింది. స్ట్రాస్‌బర్గు దాకా పరుగెత్తే పని తగ్గింది. 2008లో చికువాంబా అనే జింబాబ్వే స్త్రీ కేసు వచ్చింది. ఆమె భర్త ఇంగ్లండులో ఆశ్రయం పొందినవాడు. ఆమెకేమో ఉండడానికి అనుమతి లేదు. వెనక్కి వెళ్ళి, అక్కడి నుంచి పద్ధతి ప్రకారం అర్జీ పెట్టుకుని రమ్మన్నారు. పసిబిడ్డ తల్లిని, ఆ దేశంలో అంత అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో, కేవలం పద్ధతి కోసం పంపడంలో అర్థం లేదని ప్రభువుల సభ తీర్పు ఇచ్చింది. ఆ సంవత్సరమే, గడువు దాటినవాళ్ళను ఏడాది నుంచి పదేళ్ళ దాకా మళ్ళీ రానివ్వకూడదని కొత్త నిబంధన చేసినప్పుడు, భార్యాభర్తలుగా వచ్చేవారిని దాన్నుంచి మినహాయించారు. గడువు లెక్క వేరు, కాపురం లెక్క వేరు అని నిబంధన రాసేవాళ్ళే ఒప్పుకోవడానికి అన్నేళ్ళు పట్టింది.

మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న అమెరికా దారి వేరు. అక్కడ 1996లో చేసిన చట్టం ప్రకారం, అనుమతి లేకుండా 180 రోజులు దాటి ఉండి దేశం విడిచి వెళితే మూడేళ్ళు, ఏడాది ఉండి వెళితే పదేళ్ళు మళ్ళీ రాకూడదు. అక్కడ ఉన్న భార్యకో భర్తకో తల్లిదండ్రులకో భరించరాని కష్టం కలుగుతుందని రుజువు చేస్తే మినహాయింపు అడగవచ్చు. మామూలు ఎడబాటు చాలదు. 2024 జూన్‌లో అక్కడి సుప్రీం కోర్టు, విదేశీయుడైన భర్తను దేశంలోకి రప్పించుకోవడం పౌరురాలికి రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని తీర్పు చెప్పింది. తిరస్కారం మీద కోర్టుకెళ్ళిన భార్య చేతికి ఏమీ రాలేదు.

ఇన్ని కేసులూ చదివాక తేలేదేమిటంటే, కాదన్న కాగితం చేతికి రాగానే ఏడుస్తూ కూచోకుండా, అందులో ఏ కారణం రాశారో అక్షరం అక్షరం చదవాలి. గడువు దాటిన మాట ఉంటే దాచకూడదు. దాచితే ఉన్న తప్పుకు అబద్ధం తోడవుతుంది. ఆ తప్పుకు జవాబు వేరుగా చెప్పాలి, కాపురం నిజమైనదని వేరుగా చూపాలి. అప్పీలుకు ఇచ్చే రోజులు ఎప్పుడూ తక్కువే కాబట్టి ఆ తేదీని క్యాలెండరు మీద గీసి పెట్టుకోవాలి.

ఇక ఆ ముగ్గురు స్త్రీల సంగతి. వాళ్ళు నాయకురాళ్ళు కారు, ఉపన్యాసాలు ఇవ్వలేదు. తమ మొగుళ్ళు తమ దగ్గర ఉండాలని అడిగారు, అంతే. ఆ చిన్న కోరికకు జవాబు చెప్పడానికి ఒక ప్రభుత్వం తన నిబంధనల పుస్తకం తిరగరాసుకోవలసి వచ్చింది. తిరగరాసిన తీరు వంకరదే కావచ్చు. కానీ "ఆడదానివి కాబట్టి నీ మొగుణ్ణి రానివ్వం" అని పైకి అనే ధైర్యం మాత్రం ఆ పుస్తకానికి మళ్ళీ రాలేదు.