భాష నేర్పినవాళ్ళ పేర్లెక్కడ?

విశాఖ అంటే మీకు ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ, కాలేజీ సీటు. కొండ దిగి వచ్చిన మన పిల్లలు ఇక్కడ మొదటి నెలల్లో చాలా తక్కువ మాట్లాడతారు. హాస్టల్లో ఏళ్ళుగా చూస్తున్నాం. ఇంటికి ఫోన్ చేసి కువిలోనో సవరలోనో గలగలా మాట్లాడుతున్న పిల్ల, పక్కకు ఎవరైనా వస్తే గొంతు తగ్గించి తెలుగులోకి మారిపోతుంది. ఆ పిల్లలకు చెప్పవలసిన చరిత్ర ఒకటి ఈ ఊళ్ళోనే మొదలైంది. భాష రాక తడబడిన తెల్లదొరల చరిత్ర అది.

1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నం చేరారు. ఇప్పుడు మీరు చూసే రేవు అప్పటికి లేదు. లోపలి హార్బరు తెరిచిందే 1933లో. అంతకుముందు ఓడలు సముద్రంలోనే లంగరు వేస్తే మనుషులూ సరుకులూ పడవల మీద ఒడ్డుకు చేరేవారు. తెలుగు నేర్చుకుందామంటే ఇంగ్లీషులో అచ్చయిన వ్యాకరణం ఒక్కటీ లేదు. కేరీ వ్యాకరణం 1814లో, క్యాంబెల్‌ది 1816లో వచ్చాయి. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది. పుస్తకం లేనప్పుడు మనిషి దగ్గరే కూర్చుని నేర్చుకోవాలి. క్రైస్తవం తీసుకున్న ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్ళకు అనువాదంలో తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్ళు మొదలుపెట్టిన పనిలో మూడు సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. ఆనందరాయర్ పేరు మాత్రం చరిత్రలో నిలిచింది. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

ఆనాటి విశాఖపట్నం జిల్లా ఇప్పటిలా చిన్నది కాదు. సాలూరు, పార్వతీపురం ఇందులోవే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం కూడా ఈ జిల్లావే. 1880ల్లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి లూథరన్ మిషనరీలు అటు కొండల వైపు వచ్చారు. మైదానంలో తెలుగు, జయపురం వైపు ఒడియా, కొండెక్కితే కోదుల కువి. సాలూరులో పనిచేసిన ఎఫ్.వి.పి. షుల్జే 1911లో కువి వ్యాకరణం అచ్చు వేయించాడు. తరువాత రెండేళ్ళలో కువి కోదుల మతాచారాల మీద ఒక పుస్తకం, ఒక పదకోశం వచ్చాయి.

జర్మన్ మాట్లాడేవాడికి మన భాషలు ఎక్కడ అడ్డం తిరుగుతాయో కాస్త చూడండి. ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. వింటున్నవాణ్ణి కలుపుకున్నామా, బయట ఉంచామా అన్నది ఒక్క మాటలో తేలిపోతుంది. తెలుగులోనూ ఉంది, కువిలోనూ ఉంది. జర్మన్‌లో రెంటికీ ఒకటే మాట. ఊరిపెద్దల ముందు కూర్చుని ‘మన దేవుడు’ అనాలో ‘మా దేవుడు’ అనాలో ఆ దొర ఆలోచించుకోవాల్సిందే! ఇంకొకటి. తెలుగులో ఆవిడ ‘వచ్చింది’, ఆవు కూడా ‘వచ్చింది’. పదిమంది ఆడవాళ్ళయితే మగవాళ్ళలాగే ‘వచ్చారు’. కువిలో అలా కాదు, ఆడవాళ్ళు ఎంతమంది వచ్చినా క్రియ మగవాళ్ళ క్రియతో కలవదు. (ఆడపిల్లలు కోప్పడకండి, వ్యాకరణం వేరు, ఇంట్లో గౌరవం వేరు.) తెలుగు వచ్చు కదా అని కువిలో దిగినవాడు ఇక్కడ తప్పకుండా జారతాడు. అప్పుడు సరిదిద్దేది ఎవరు? బడి మొహం చూడని మన ముత్తాతలు, ముత్తవ్వలు.

వాళ్ళు వచ్చింది మన దేవుళ్ళను మార్చడానికి. దాచడం ఎందుకు? ఒక మతాన్ని మార్చాలనుకున్న మనిషి ఆ మతం మీద రాసిన పుస్తకాన్ని జాగ్రత్తగానే చదవాలి. అయినా మైదానం నుంచి వచ్చిన షావుకారూ అధికారీ మనల్ని తెలుగు నేర్చుకోమన్న కాలంలో, ఒక దొర మన దగ్గర విద్యార్థిగా కూర్చోవడం చిన్న విషయం కాదు. 1914లో యుద్ధం రాగానే జర్మన్లు శత్రువులయ్యారు, నిర్బంధించి తిప్పి పంపేశారు. పుస్తకాలు మాత్రం మిగిలాయి.

ఆ పుస్తకాల్లోని మాటలు తరువాత చాలా దూరం వెళ్ళాయి. 1961లో బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో కువి మాటల పక్కన చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ‘ఎస్’ అంటే షుల్జే, ‘ఎఫ్’ అంటే 1913లో కువి మీద పుస్తకం వేసిన ఫిట్జెరాల్డ్. నేర్చుకున్నవాళ్ళకు అక్షరం దక్కింది. నేర్పినవాళ్ళకు అదీ లేదు. పట్నంలో ఆనందరాయర్‌కు దక్కినపాటి పేరు కొండ మీద ఏ గురువుకూ దక్కలేదు.

గిడుగు రామమూర్తి పంతులు మిషనరీ కాదు, మేష్టారు. పర్లాకిమిడిలో సవరల దగ్గర సవర నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించాలని చూశారు. ఆయన సవర నిఘంటువు 1938లో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 1936లో, సవరల్లోనే పుట్టిన మంగై గమాంగో సొంత లిపి తయారుచేశాడు. మన రాష్ట్రంలో 2004 నుంచి సవర, కొండ, కువి, కోయ వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పిల్లలకు తెలుగు లిపిలో పుస్తకాలు వచ్చాయి. మీలో కొందరు వాటితోనే అక్షరాలు దిద్ది ఉంటారు.

మా హాస్టల్లో ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాం. మొదటి గడిలో మాట, రెండో గడిలో అర్థం, మూడో గడిలో ఆ మాట చెప్పినవారి పేరు, ఊరు. మూడోది ఖాళీగా ఉంటే ఆ వరస లెక్కలోకి తీసుకోం. సంక్రాంతికి ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు చోళ్ళు, సామలు, అడవి దుంపల పేర్లు బాగానే తెచ్చారు. వేటకూ వ్యవసాయానికీ వాడే పనిముట్ల పేర్లు తక్కువ వచ్చాయి. దసరా సెలవులకు వెళ్ళేవాళ్ళు తాతల్ని అడిగి అవి రాసుకుని రండి.