పంపు స్క్రూ నుంచి మ్యాపు ఫైలు దాకా

కారులోని కంప్యూటరు ప్రోగ్రాము మార్చి ఇంజనుకి బలం పెంచడాన్ని రీమ్యాప్ అంటారు. ఇది బెంగళూరు, హైదరాబాదు ఐటీ కుర్రాళ్ళ కొత్త సరదా అని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో ఇది కొత్తదీ కాదు, పట్నంవాళ్ళదీ కాదు. దీని తాతగారు నంద్యాల, ఆళ్ళగడ్డ లాంటి ఊళ్ళలో లారీ షెడ్ల పక్కన, డీజిల్ పంపు రిపేరు కొట్లో ఉండేవాడు. ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవరు ఎలా జారిపోయిందో, అది ఎవరి చేతికి వెళ్ళిందో చెప్పడమే ఈ టపా.

ఆళ్ళగడ్డ అనగానే సినిమావాళ్ళకి గాల్లోకి లేచే సుమోలే గుర్తొస్తాయి. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి గుర్తొచ్చేది లారీలు. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ళు, సిమెంటు, నంద్యాల బియ్యం అన్నీ లారీల మీదే పోవాలి. ఒకవైపు కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా కడపకెళ్ళే హైవే. ఇంకోవైపు గిద్దలూరు పోవాలంటే నల్లమల ఘాటు. బరువు ఎక్కువ, ఎక్కుడు ఎక్కువ. బండి "లాగడం లేదు" అనే మాట మెకానిక్కులు రోజూ వినేదే.

అప్పట్లో డీజిల్ ఇంజనుకి మెదడంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపే. మనవాళ్ళు మైకో పంపు అనేవారు. మైకో అంటే జర్మనీ బాష్ కంపెనీ భాగస్వామ్యంతో 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ. 2008లో దాని పేరే బాష్ లిమిటెడ్ అయింది. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

పంపు లోపల సిలిండరుకో ప్లంజరు ఉంటుంది. అది ఎంత మెలి తిరిగితే నాజిల్‌కి అంత డీజిల్ పోతుంది. అన్ని ప్లంజర్లనీ కలిపి తిప్పే కడ్డీని ర్యాక్ అంటారు. ర్యాక్ ఎంత దూరం జరగాలో చివర్లో ఒక స్క్రూ ఆపుతుంది. దానికి కంపెనీ సీలు ఉంటుంది. సీలు తెంచి ఆ స్క్రూని కొంచెం తిప్పితే డీజిల్ ఎక్కువ పడుతుంది, ఘాటులో బండి లాగుతుంది. కానీ లోపలికొచ్చే గాలి పెరగలేదు కదా, సగం మండిన డీజిల్ నల్లపొగై బయటికొస్తుంది. ఇంకా తిప్పితే వేడి పెరిగి పిస్టన్లకే ఎసరు. తెలిసిన మెకానిక్కు పంపుని టెస్టు బెంచి మీద బిగించి, ఇన్ని స్ట్రోకులకి ఇన్ని సీసీలు అని కొలిచి, అన్ని సిలిండర్లకీ సమానంగా సెట్ చేసేవాడు. తెలియనివాడు చెవితో విని తిప్పేవాడు.

మన భాషలో చెప్పాలంటే అదొక కాన్ఫిగ్ ఫైలు, ఇత్తడీ ఇనుములో రాసింది. రైట్ పర్మిషన్ స్క్రూడ్రైవరు ఉన్న ప్రతివాడికీ ఉంది. ఎర్రర్ లాగ్ మాత్రం సైలెన్సర్లోంచి నల్లగా వచ్చి ఊరంతటికీ కనబడేది :)

ఇక్కడ సీళ్ళు తెగుతున్న రోజుల్లోనే అమెరికా, యూరప్ కార్లలో స్క్రూలు మాయమవడం మొదలైంది. 1967లో ఫోక్స్‌వాగన్ 1600 బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌తో వచ్చింది. 1970లో అమెరికా క్లీన్ ఎయిర్ చట్టాన్ని కఠినం చేసింది. పొగని అంత కచ్చితంగా తగ్గించడం కార్బ్యురేటరు వల్ల అయ్యే పని కాదు. 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో బాష్ మోట్రానిక్ వచ్చింది. పెట్రోలు ఎంత పోయాలి, స్పార్కు ఎప్పుడివ్వాలి అనే రెండు నిర్ణయాలూ ఒకే డిజిటల్ పెట్టెలోకి చేరాయి. 1981కల్లా జనరల్ మోటార్స్ తన అమెరికా పెట్రోలు కార్లన్నిట్లో దాదాపుగా కంప్యూటరు పెట్టేసింది. అంటే కంప్యూటరు కారులోకి దూరింది స్పీడు కోసం కాదు, పొగ కోసం. ఈ ముక్క మర్చిపోతే మిగతా కథ అర్థం కాదు.

ఆ పెట్టెలో ఉండేది మనకి తెలిసిన సరుకే. నిలువులో ఆర్పీఎం, అడ్డంలో లోడు, గడిలో ఒక అంకె. ఇలాంటి పట్టికలే మ్యాపులు. గడుల మధ్య ఇంటర్‌పొలేషన్. ఇవన్నీ ఒక ఈప్రామ్ చిప్పులో ఉండేవి. అల్ట్రావయొలెట్ వెలుగులో పెడితే చెరిగిపోయి, మళ్ళీ రాసుకునే చిప్పు. ఇంకేముంది, అమెరికాలో గ్యారేజీ కుర్రాళ్ళు చిప్పు పీకి, హెక్స్ డంప్ తీసి, ఏ అంకె దేనిదో పట్టుకోవడం మొదలెట్టారు. డాక్యుమెంటేషన్ లేదు, సోర్సు లేదు. ఒక బైటు మార్చు, బండి నడుపు, ఏమైందో చూడు.

తొంభైల్లో హోండా సివిక్ వీళ్ళకి పెద్దబాలశిక్ష అయింది. అందులోని పీ28 అనే కంప్యూటరు బోర్డు మీద బయటి చిప్పు కోసం ఖాళీ చోటు ఉండేది. అక్కడ 32 కేబీల 27సీ256 చిప్పు, ఒక లాచ్ ఐసీ, ఒక జంపరు సోల్డర్ చేస్తే ఫ్యాక్టరీ ప్రోగ్రాముని పక్కనపెట్టి మీ ప్రోగ్రాము నడుస్తుంది. తర్వాత ఫ్లాష్ మెమరీ వచ్చింది. 1996 నుంచి అమెరికాలో ప్రతి కొత్త కారుకీ ఓబీడీ-2 పోర్టు తప్పనిసరి. పొగ వ్యవస్థ సరిగ్గా ఉందో లేదో చూడటానికి ఆ పోర్టు పెట్టారు. ఆ దారినే ప్రోగ్రాము కూడా మార్చొచ్చని మనోళ్ళు కనిపెట్టారు. సుబారు యజమానులు జావాలో రాసుకున్న రామ్‌రైడర్ అనే ఓపెన్ సోర్స్ ఎడిటరు ఇప్పటికీ దొరుకుతుంది. 2001లో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిపో ఇంకో అడుగు ముందుకేసి, ఫ్యాక్టరీ పెట్టెనే తీసేసి మనమే సోల్డర్ చేసుకునే మెగాస్క్విర్ట్ కిట్టు తెచ్చారు.

మన దగ్గర ఇంజనులోకి కంప్యూటరు అందరికీ వచ్చింది కోర్టు దయవల్ల. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో కొత్త కార్లకి యూరో నిబంధనలు తప్పనిసరి చేసింది. మారుతి 800 వెనక ఎంపీఎఫ్ఐ అక్షరాలు కనబడింది ఆ ఊపులోనే. డీజిల్‌లో యాక్సెంట్ సీఆర్‌డీఐ, స్కార్పియో సీఆర్‌డీఈ లాంటి కామన్ రైల్ బళ్ళు 2002-05 మధ్య వచ్చాయి. పాత పంపు మెకానిక్కుకి దెబ్బ తగిలింది అక్కడే. కామన్ రైల్‌లోనూ పంపు ఉంటుంది, కానీ దాని పని ఒత్తిడి పుట్టించడం వరకే. ఎప్పుడు, ఎంత డీజిల్ పోవాలో చెప్పేది కంప్యూటరు. తిప్పడానికి స్క్రూ లేదు.

మరి ఫ్యాక్టరీవాడే ఆ బలం ఎందుకివ్వడు? "కావాలని తగ్గించి అమ్ముతాడు" అంటారు. కొంత నిజం, చాలావరకు కాదు. స్విఫ్ట్‌లో వచ్చిన ఫియట్ 1.3 మల్టీజెట్ ఇంజను 75 పీఎస్, ఎస్ఎక్స్4లో అదే ఇంజను 90 పీఎస్. తేడా ఫైలే అని చాలామంది వాదిస్తారు. కానీ 90 పీఎస్ దాంట్లో టర్బోనే వేరు, వేరియబుల్ జామెట్రీది. చిన్న టర్బో మీద ఫైలుతో 90 రాబట్టొచ్చు, ఆ భారం మోసేది ఆ టర్బోయే.

రెండోది, డీజిల్. 2010లో బీఎస్-4 ఇంధనం హైదరాబాదుతో సహా 13 నగరాల్లో మొదలైంది. దేశం మొత్తానికి అది చేరడానికి 2017 ఏప్రిల్ దాకా పట్టింది. బీఎస్-3 డీజిల్‌లో గంధకం 350 పీపీఎం, బీఎస్-4లో 50, 2020లో వచ్చిన బీఎస్-6లో 10. హైదరాబాదులో ట్యాంకు నింపుకుని బయల్దేరిన కారు దారిలో ఏ బంకులో ఏది పోసినా బతకాలి, మే నెల రాయలసీమ ఎండలో ఫుల్ లోడుతో ఘాటు ఎక్కాలి, వారంటీ దాటాలి. ఫ్యాక్టరీ వదిలిన ఆ మార్జిన్ సోమరితనం కాదు, ఎడ్జ్ కేసుల కోసం దాచింది. మన ప్రొడక్షన్ సర్వర్లో సీపీయూ 60 శాతమే వాడుతోందని మిగతా 40 ఎవరైనా పీకేస్తానంటే ఊరుకుంటామా?

ఈ పనిని శ్రద్ధగా చేసేవాళ్ళు లేకపోలేదు. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ళ పవర్‌ట్రానిక్ బైకుల కోసం మన దేశంలోనే తయారైంది. అది ఫ్యాక్టరీ ప్రోగ్రాముని ముట్టుకోదు, పక్కన కూర్చుని సంకేతాలని సవరిస్తుంది. ఇంకోవైపు విదేశీ టూళ్ళకి చైనా నకళ్ళు, ఎక్కడో కొన్న ఫైలు, ఒక పాత ల్యాప్‌టాపు. చెవితో విని స్క్రూ తిప్పిన మెకానిక్కుకీ వీళ్ళకీ తేడా లేదు. ఉన్నదల్లా ఒక్కటే: ఆయన తప్పు నల్లపొగగా కనబడేది, వీళ్ళది కనబడదు.

ఎందుకు కనబడదంటే, డీజిల్ బండికి మనం చేసే పొల్యూషన్ టెస్టు పొగ సాంద్రతని మాత్రమే చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లని కొలవదు. ఈజీఆర్ వాల్వుని ఫైలులో మూసేస్తే మసి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. సర్టిఫికెట్ మాత్రం దర్జాగా వస్తుంది! ఇది చిన్న సంగతి కాదు. పదేళ్ళలో 5.5 లక్షలకు పైగా డీజిల్ పికప్పుల్లో పొగ నియంత్రణ పీకేశారని అమెరికా పర్యావరణ సంస్థ 2020లో లెక్కగట్టింది. మన చట్టమూ మెతకగా లేదు. అనుమతి లేని మార్పు చేస్తే యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ అని 2019 సవరణలో చేర్చారు.

ఇంతవరకూ చదివి "అయితే తాళం వేసెయ్యాల్సిందే" అనుకుంటే, ఆగండి. ఆ తాళం వెనక దొంగతనం చేసింది గ్యారేజీ కుర్రాళ్ళు కాదు, ఫ్యాక్టరీయే.

2014లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ బృందం డీజిల్ ఫోక్స్‌వాగన్లని రోడ్డు మీద నడుపుతూ పొగ కొలిచి, ల్యాబు లెక్కకీ దీనికీ పొంతన లేదని రిపోర్టు ఇచ్చింది. అందులో మన దక్షిణాదివాళ్ళు అరవింద్ తిరువెంగడం, హేమంత్ కప్పణ్ణ ఉన్నారు. 2015 సెప్టెంబరులో గుట్టు రట్టయింది. టెస్టు జరుగుతోందని ప్రోగ్రామే పసిగట్టి బుద్ధిగా నడుచుకుంటుంది, రోడ్డెక్కగానే వదిలేస్తుంది. ప్రపంచంలో 1.1 కోట్ల కార్లు. మన దేశంలో 3.23 లక్షల కార్లని వెనక్కి పిలిచారు. ఆ ప్రోగ్రాము నడిచింది బాష్ పెట్టెలో.

కోడ్‌లో అది ఎక్కడ ఉందో చూపించింది ఎవరు? ఫెలిక్స్ డోమ్కే అనే జర్మన్ హ్యాకర్ తన సొంత కారు ప్రోగ్రాముని విప్పి, ఆ ఏడాది డిసెంబరులో హాంబర్గ్ సభలో చూపించాడు. 2017లో ఆయనతో కలిసి పరిశోధకులు 926 ఫర్మ్‌వేర్‌లని పరిశీలిస్తే 406లో ఈ మోసం జాడ దొరికింది. ఆ పనికి ఆధారాలు కొన్ని ఎక్కడివనుకున్నారు? కారు ట్యూనింగ్ పిచ్చోళ్ళు ఏళ్ళ తరబడి పోగేసుకున్నవి. బలం కోసం చిప్పులు పీకినవాళ్ళ చదువు చివరికి ఊపిరితిత్తులకి పనికొచ్చింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. చదవడం వేరు, రాయడం వేరు. చదివే హక్కు ప్రతి యజమానికీ, ప్రతి మెకానిక్కుకీ ఉండాలి. ఏ సెన్సరు ఏం చెబుతోంది, లోపల ఏ వెర్షన్ ఫైలుంది, అది ఫ్యాక్టరీదేనా అన్నవి తెలియాలి. రాసే హక్కు మాత్రం టెస్టుతో ముడిపడాలి. రాసినవాడు నైట్రోజన్ ఆక్సైడ్లతో సహా కొలిపించి నిరూపించుకోవాలి. ఇప్పుడు జరిగేది తలకిందులు. చదవడానికి తాళం, దొంగతనంగా రాసేవాడికి పట్టపగ్గాలు లేవు.

ఇది కార్ల పిచ్చోళ్ళ గొడవే అనుకోకండి. అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ తాళాలతో విసిగి రైతులే నకిలీ ఫర్మ్‌వేర్ కొనుక్కునే దాకా వెళ్ళారు. 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వ వాణిజ్య సంస్థ ఆ కంపెనీ మీద కేసు వేసింది. మన దగ్గర 2023 నుంచి 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకి పొగ నిబంధనలు పెరిగాయి, వాటిలోకీ కంప్యూటరు వచ్చేసింది. రైట్ టు రిపేర్ కోసం కేంద్రం 2022లో వేసిన కమిటీ పరిధిలో వ్యవసాయ యంత్రాలూ, వాహనాలూ ఉన్నాయి, మంచిదే. కానీ కంపెనీలు సర్వీసు సమాచారాన్ని తమంతట తాము పెట్టే పోర్టలుతో సరిపెడితే చాలదు. వరికోతల వేళ ఆళ్ళగడ్డ పొలంలో ట్రాక్టరు ఒక ఎర్రర్ కోడ్ చూపించి ఆగిపోతే, ఆ కోడ్ అర్థం ఊళ్ళో మెకానిక్కుకి తెలియాలా, వద్దా? టెస్టు బెంచి మీద సీసీలు కొలిచి పంపు సెట్ చేసినవాడికి పట్టికలో అంకెలు నేర్పించడం పెద్ద పనేం కాదు.

తాళాలు వేసేది కూడా మన సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. ఈసారి ఏదైనా డివైసుకి డయాగ్నస్టిక్ పోర్టు డిజైన్ చేస్తున్నప్పుడు, రీడ్ పర్మిషన్ ఎవరికివ్వాలన్న ప్రశ్న వస్తే ఆయన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. మీరేమంటారు?