సముద్రము దాటిన తెలుగు సంఘము

మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. అది మొదలు 1911 వరకు వేలాది తెలుగువారు ఒప్పందపు కూలీలుగా నేటాలు తోటలకు వెళ్లిరి. వారిలో బాప్తిస్టు విశ్వాసులును ఉండిరి.

వారి సంగతి విని ఇచ్చటి సంఘములు ఊరకుండలేదు. తెలుగు బాప్తిస్టు హోం మిషను సంఘము 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారిని పంపెను. ఆ డిసెంబరులోనే కెర్స్నీలో తెలుగు సంఘము ఏర్పడెను. 1915లో మరణించువరకు ఆయన వారి మధ్య సేవచేసెను.

ప్రియ సహోదరులారా, దొరలు మనయొద్దకు వచ్చిన కథ మన మెరుగుదుము; మనవారే ఒకరిని పంపిన కథ మరచితిమి. వారు దూరదేశమును వెదకలేదు. తమ జనులు పోయిన త్రోవనే కాపరిని పంపిరి.

మన కోసిగినుండియు ఏటేట ఎన్నో కుటుంబములు మిరప, పత్తి పనులకై గుంటూరు వైపు సుగ్గికి పోవుచున్నవి. ఇండ్లకు తాళములు, బడిలో ఖాళీలు, గుడిలో పరచని చాపలు. వారు దిగిన ఊరి సంఘమునకు ముందుగా కబురు పంపుదము. సుగ్గి ముగియకమునుపు ఒక పెద్దయైనను వెళ్లి, వారి గుడిసెలలో కూర్చుండి ప్రార్థించి రావలెను. పిల్లల చదువు సంగతి విచారింపవలెను.

సముద్రము దాటిన ప్రేమకు గుంటూరు దూరమా?