దిద్దక అమ్మిన సరుకు

కంప్యూటరుచేత పని చేయించెడి ఆజ్ఞల సముదాయమునకు సాఫ్ట్‌వేరని పేరు. పేర్లు, బాకీలు, సరుకుల వివరములు వ్రాసియుంచి, కోరినదానిని క్షణములో వెదకి యిచ్చెడి డీబేస్ అను సాఫ్ట్‌వేరు 1980వ దశకమున అమెరికాలో ప్రసిద్ధి కెక్కెను. వేన్ రాట్లిఫ్ దానిని రచించి వల్కన్ అని పేరిడెను. దానిని అమ్మబూనిన జార్జి టేట్ సంస్థ డీబేస్ రెండు అని పేరు మార్చెను. ఒకటవది ఎన్నడును లేదు! రెండన్నచో ఒకమారు దిద్దబడినదని కొనువారు తలంతురు గదా. సంస్థ పేరు ఆష్టన్-టేట్. అందు ఆష్టన్ అను భాగస్వామియు లేడు. చెవి కింపుగా నుండునని చేర్చిన పేరది.

ఇంతవరకు నవ్వుకొనవచ్చును. డీబేస్ నాలుగు సంగతి వేరు. 1988 ఫిబ్రవరిలో ప్రకటించిరి. పోటీదారులు వెన్నంటి వచ్చుచుండిరి. అక్టోబరులో సరుకు అంగడి కెక్కెను. అది దోషభూయిష్టము, నడక మందము. మా పుస్తకములలో అచ్చుతప్పులున్నచో చివర తప్పొప్పుల పట్టిక అంటింతుము, చదువరి సర్దుకొనును. యంత్రమున కా తెలివి లేదు. తప్పుటాజ్ఞను తప్పుగానే నెరవేర్చును. వర్తకుడు ఆ లెక్కనే నమ్మును.

తప్పు దొర్లుట వింత కాదు. దిద్దిన ప్రతి 1990లో గాని వెలువడకపోవుటయే, నా యభిప్రాయమున, ఘోరము. ఈలోగా ఆ సంస్థ 1988 నవంబరులో ఫాక్స్ సాఫ్ట్‌వేరు అను పోటీసంస్థపై దావా తెచ్చెను. విసిగిన ఖాతాదారులు పలువురు అట్టి పోటీదారుల సరుకువైపే మరలిరి.

1991లో ఆష్టన్-టేట్‌ను బోర్లాండ్ కొనివేసెను. డీబేసునకు ప్రతిస్పర్ధియైన పారడాక్స్‌ను అమ్ముచుండిన సంస్థ యదియే.